అరవై దగ్గర వణుకు

ఉదయం ఏడు కాకముందే కూర్మన్నపాలెంలో మెకానిక్కు కన్నబాబు షెడ్డు ముందు బండి ఆపాను. షట్టరు ఇంకా దించే ఉంది. ఇంజిన్ ఆపకుండా స్టీరింగు మీద రెండు అరచేతులూ పెట్టుకుని కూర్చున్నాను. నిలబడి ఉన్నప్పుడు ఇది వణకదు, అదే దీని టక్కరితనం. ముప్పైలో మర్యాదగా పోతుంది. యాభై దాటి అరవై దగ్గరకొచ్చేసరికి సీటు కింద నుంచి ఒక వణుకు మొదలవుతుంది, చలిజ్వరం వచ్చినవాడి దవడలా. ముందు గేరు రాడ్డు తల ఊగుతుంది, తర్వాత డాష్‌బోర్డు మీద పెట్టిన కళ్లజోడు గీసుకుంటూ పక్కకి జరుగుతుంది, ఆ తర్వాత అది నడుం ఎముకలోకి ఎక్కుతుంది. ఎనభై దాటితే ఏమీ ఎరగనట్టు తగ్గిపోతుంది. ఇలాంటి బండిని ఊళ్లో ముప్పైలో తిప్పి చూపిస్తే ఎవరికి తెలుస్తుంది? తిరుమలరావు బావ నాకు అలాగే చూపించాడు. సబ్బవరం సంత రోడ్డులో, ఆటోలకీ గేదెలకీ మధ్య. అక్కడ అరవైకి చోటెక్కడిది? కావాలనే ఆ రోడ్డు ఎంచుకున్నాడు. మొదట్లో నాకు ఇది తట్టలేదు, రెండు వారాల తర్వాత తట్టింది, తట్టిన దగ్గర నుంచి ప్రతి రాత్రీ ఆ సంత రోడ్డే కళ్లముందు తిరుగుతోంది. బావ నా పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి ఎవరినో పలకరిస్తున్నాడు. ఎందుకు పలకరించాడు? నా చెవి బండి మీద నిలవకుండా చెయ్యడానికేనా?

ముప్పై ఒక్క ఏళ్లు స్టీలు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేశాను. బేరింగు గూడు మీద పొడవాటి స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడికి చెవి ఆనించి, ఇది ఇంకో మూడు రోజులు లాగుతుంది, ఇది ఈ షిఫ్టు దాటదు అని చెప్పినవాణ్ణి. నా కింద పనిచేసినవాళ్లు వెనకాల నన్ను అనుమానం మేస్త్రి అనేవారట. అననీ. అనుమానం లేనివాడు మిల్లులో వేళ్లు మిగుల్చుకోలేడు, నాకు పదీ ఉన్నాయి. రిటైరయ్యాక దేవరాపల్లి వైపు కొండ వాలులో రెండెకరాల జీడితోట తీసుకున్నాం. వానాకాలంలో ఆ ఎర్రమట్టి దారిలో మామూలు బండి చక్రాలు అక్కడికక్కడే తిరుగుతాయి. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి. అప్పుడే నా భార్య రమణ, వెంకటరమణమ్మ, వాళ్ల అన్నయ్య జీపు మాట ఎత్తింది. కరెంటు టవర్ల పని మీద ఆరేళ్లు ఏజెన్సీ కొండలన్నీ తిరిగిన బండి. మోకాళ్లు అరిగిపోయాయనీ, క్లచ్ తొక్కలేకపోతున్నాననీ, అందుకే తీసేస్తున్నాననీ బావ అన్నాడు. నేను బేరమాడకుండానే నేననుకున్న దానికన్నా తక్కువ చెప్పాడు. ఎందుకు తక్కువ చెప్పాడు? చెల్లెలి మొగుణ్ణని అనుకోవచ్చు. అప్పుడలాగే అనుకున్నాను. అప్పుడు నా అనుమానం ఎక్కడ నిద్రపోయిందో.

వణుకు ఇంకా ఎక్కువైన రోజు బావకి ఫోన్ చేశాను. నలభై మూడు రోజులైంది. మొదట బండి గురించే మాట్లాడాను. తనకి ఎప్పుడూ వణకలేదని బావ అన్నాడు. ఆ మాటతో నా తల తిరిగిపోయింది. నాకే అనిపిస్తోందంటావా, ముప్పై ఏళ్లు వణుకుల మధ్య బతికినవాడికి? సొంత చెల్లెలు కూర్చునే బండి అని కూడా చూడలేదని అనేశాను.  రమణ వంటగది గుమ్మంలో నిలబడి అంతా వింది. ఆ రోజు నుంచి ఆమె తన అన్నతో మాట్లాడలేదు. నేను మానమనలేదు. మానొద్దనీ అనలేదు. మొన్నామధ్య బావకి మోకాలి ఆపరేషన్ అని కబురొస్తే రమణ నా మొహంలోకి చూసింది. ఆపరేషన్ అంటే మనం మెత్తబడతామని లెక్కేమో అన్నాను. ఆమె వెళ్లలేదు. రెండు పూటలు వంటింట్లోంచి బయటికి రాలేదు, అంతే. తన అన్న మోసగాడని తేలితే రమణ ఏమైపోతుందో ఒకసారి ఆలోచించాను, కానీ తేలకుండా ఉంటే నేనేమైపోతానో దాని ముందు అది చిన్నదిగా కనిపించింది. ఇవాళ తేలిపోవాలి. ఒక మెకానిక్కు నోటితో, మూడో మనిషి నోటితో తేలాలి. అందుకే ఎవరి సిఫార్సూ లేకుండా, ఎవరికీ తెలియని ఈ కన్నబాబుని వెతుక్కున్నాను.

షట్టరు పైకి లేచింది. నలభై ఏళ్లుంటాయి కన్నబాబుకి, చెవి వెనక చాక్‌పీసు ముక్క. లోపల గోడ మీద క్యాలెండరు చూశాను. సబ్బవరం ఎరువుల దుకాణం వారిది.  సబ్బవరం మనిషివా అనడిగితే, కాదు, అత్తోరిది అన్నాడు. అత్తవారిది సబ్బవరం అంటే తిరుమలరావు తెలియకుండా ఎలా ఉంటాడు? బావకి ఆ ఊళ్లో తెలియని మనిషి లేడు. ఎవరి దగ్గర కొన్నారు బండి అని కన్నబాబు అడిగాడు. ఎందుకు అడిగాడు? మెకానిక్కు అడగాల్సింది బండికేమైందని కదా. చుట్టాలది అని మాత్రం అన్నాను, పేరు చెప్పలేదు. లక్షణాలూ చెప్పలేదు. డాక్టరు దగ్గరకెళ్లి నాడి చూసి నువ్వే చెప్పమన్నట్టు, తాళం చేతికిచ్చి ఊరుకున్నాను. అతను తాళం తిరిగి నాకే ఇచ్చి, మీరే నడపండి గురువుగారూ, నేను వింటాను అని పక్క సీట్లో కూర్చున్నాడు. వింటాను అన్న మాట నాకు నచ్చింది. నచ్చినందుకు నా మీద నాకే అనుమానం వేసింది.

లంకెలపాలెం వైపు మళ్లాం. ప్లాంటు నుంచి ఇనుప చుట్టలు వేసుకున్న ట్రైలర్లు బరువుగా పోతున్నాయి, అచ్యుతాపురం షిఫ్టు బస్సుల కిటికీలకి తలలు ఆనించి మనుషులు నిద్రపోతున్నారు. రాత్రి వానకి రోడ్డు అంచుల్లో ఎర్రగా నీళ్లు. ముప్పై, నలభై, యాభై. కన్నబాబు చెప్పులు విడిచి పాదాలు నేలకి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. యాభై ఎనిమిదిలో వచ్చింది. నేను అతని మొహమే చూస్తున్నాను, దాస్తాడేమోనని, ఏదీ లేదండీ రోడ్డు అలాగుంది అంటాడేమోనని. అన్నాడో, ఇతను బావ మనిషే.

"ఇదేనా?" అన్నాడు కళ్లు తెరవకుండా.

 నలభై మూడు రోజుల్లో ఈ వణుకుని ఒప్పుకున్న మొదటి మనిషి. అరవైలో ఉండగానే గేరు తప్పించి బండిని వదిలెయ్యమన్నాడు. వదిలేశాను. ఇంజిన్ శబ్దం సన్నబడిపోయింది, వణుకు మాత్రం అలాగే ఉంది. ఇంజన్ కాదు, క్లచ్చూ కాదు అన్నాడు, సక్రాల కాడ్నించి గానీ, మధ్యలో తిరిగే షాఫ్టు కాడ్నించి గానీ. నాలుగు చక్రాల లివరు వేసే ఉందేమోనని చూశాడు, లేదు. నేను చూసినవే అవన్నీ. చక్రాలు రెండుసార్లు బ్యాలెన్స్ చేయించాను, టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి చూశాను. అవేవీ కన్నబాబుకి చెప్పలేదు. చెప్పకుండా అతను నేను నడిచిన దారిలోనే నడుస్తుంటే, ఒక పక్క తృప్తి, ఒక పక్క, నేను ఆగిపోయిన చోట ఇతనూ ఆగిపోతాడేమోనని. నేను షాఫ్టు దగ్గర ఆగిపోయాను. ఎందుకాగిపోయాను? షాఫ్టు బాగానే ఉందని నాకు తెలుసు కదా. ఎలా తెలుసు? తెలుసు. అంతే. అక్కడ నా మనసు తలుపేసినట్టు ఆగిపోయి మళ్లీ సంత రోడ్డుకి వెళ్లిపోయింది.

షెడ్డులో గోతి మీదికి బండి ఎక్కించాం. స్టూలు మీద కూర్చోమన్నాడు. కూర్చోలేదు, అతని వెనకే మెట్లు దిగాను. తెలియని చేతులు నా బండి కింద ఏం చేస్తాయో చూడాలి. గోతిలో డీజిలు వాసన, చల్లగా ఉంది. గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసు దాకా బండి పొడవునా తిరిగే ఆ గొట్టం మీద కన్నబాబు టార్చి వేశాడు. రెండు చివర్లా మడత తిరగడానికి క్రాసులుంటాయి, మధ్యలో ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి జారే పళ్ల జాయింటు ఉంటుంది. క్రాసులు పట్టుకుని ఊపాడు. ఇవి కొత్తయ్యే, ఏడాది కూడా అవలేదు అన్నాడు. చూశావా? అమ్మేముందు క్రాసులెందుకు మార్చాడు బావ? ఏదో తెలుసు కాబట్టే. దాని మీద పసుపు పూసి నాకంటగట్టాడు. రమణకి ఈ మాట ఎలా చెప్పాలా అని అప్పుడే వాక్యాలు కూర్చుకుంటున్నాను, మీ అన్నయ్య అమ్మేముందే అని మొదలుపెట్టాలి, గట్టిగా అనకూడదు, మెల్లగా అనాలి, మెల్లగా అంటేనే లోపలికి దిగుతుంది. కన్నబాబు మాత్రం క్రాసులు వదిలేసి వైరు బ్రష్షు తీసుకుని జారే జాయింటు దగ్గర రుద్దుతున్నాడు. నల్లరంగు పొలుసులు నా చొక్కా మీద రాలుతున్నాయి.

"ఎవడో కింద నల్ల పెయింటు కొట్టేడు గురువుగారూ. గుర్తులన్నీ కప్పెట్టేడు."

నల్ల పెయింటు. మా ఇంటి వెనక అరుగు మీద, బట్టలుతికే రాయి పక్కన, నల్ల స్ప్రే డబ్బా. అది నాది. తుప్పు పట్టకుండా బండి అడుగంతా నేనే కొట్టాను, బండి తెచ్చిన మొదటి ఆదివారం. సరే, పెయింటు నాదే, పెయింటుకి బండి వణుకుతుందా? కన్నబాబు గుడ్డతో తుడిచి టార్చి దగ్గరగా పెట్టాడు. ఇటు గొట్టం మీద చిన్న బాణం గుర్తు, ఇనుములో గుద్దింది. అటు గొట్టం మీద ఇంకో బాణం. రెండు బాణాలూ ముక్కుకి ముక్కు ఆనినట్టు ఎదురెదురుగా ఉండాలి. లేవు. ఒకటి పక్కకి తిరిగి ఉంది. కన్నబాబు గోటితో పళ్లు లెక్కపెట్టాడు. రెండు పళ్లు తేడా. విప్పినవాడు మళ్లీ గుచ్చేటప్పుడు గుర్తు చూసుకోలేదు, అందుకే రెండు చివర్లూ ఒక లెక్కలో తిరగడం లేదని అన్నాడు. నాకు చెప్పక్కర్లేదు. గుర్తు గుద్దకుండా ఏదీ విప్పొద్దని ముప్పై ఏళ్లు కొత్తవాళ్లకి చెప్పింది నేనే, ఒకడు విప్పితే సుత్తి చేతిలోంచి లాక్కుని బయటికి పంపింది నేనే. ఎవడు విప్పాడు దీన్ని? ఎవడు?

ఆ ఆదివారం. పెయింటుకి ముందు. గ్రీజు ఎక్కించే రంధ్రం మట్టితో పూడిపోయిందని, ఏజెన్సీ మట్టి అని, బావ గ్రీజు కూడా పెట్టించకుండా తిప్పాడని తిట్టుకుంటూ షాఫ్టు దించాను. గొట్టంలోంచి గొట్టం లాగాను. డీజిల్లో కడిగాను. ఎండలో పళ్లు మెరిశాయి, ఎంత బాగున్నాయో అనుకున్నాను కూడా. మళ్లీ బండి కింద వెల్లకిలా పడుకున్నాను, గుండెల మీద షాఫ్టు బరువు. అప్పుడు వంటింటి కిటికీలోంచి రమణ నవ్వు వినిపించింది. అన్నతో ఫోనులో మాట్లాడుతోంది. బండి అంటోంది. మీ బావ అంటోంది. మళ్లీ నవ్వు. నా గురించే. దేనికి నవ్వుతున్నారు? తక్కువకి వచ్చిందని మురిసిపోతున్నాడు అంటోందా? అవతల ఆయనేమన్నాడు? నేను ఊపిరి బిగబట్టి వింటున్నాను. చెవులు కిటికీ దగ్గర, చేతులు షాఫ్టు దగ్గర. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గుచ్చాయి. బోల్టులు బిగించాయి. గుర్తు చూశానా? గుర్తన్నదే నాకు గుర్తులేదు, ఆ నవ్వు మాత్రం గుర్తుంది.

మొదటి రోజు నుంచీ వణుకుతోందన్నాను బావతో. మొదటి రోజు నుంచీ. గోతిలో ఆ గోడకి ఆనుకుని మొదటి రోజు కోసం వెతికాను, నలభై మూడు రాత్రులు నేను వెతకని చోట. సబ్బవరం నుంచి బండి తెచ్చిన సాయంత్రం. సంత రోడ్డు దాటి ఆరు లైన్ల రోడ్డెక్కాం. ఎనభైకి వెళ్లాను, మళ్లీ అరవైకి దించాను, లారీ వెనక చాలాసేపు అరవైలోనే వచ్చాను. రమణ పక్క సీట్లో నిద్రపోయింది. తల కిటికీ అద్దానికి ఆనించి, నోరు కొంచెం తెరిచి, అనకాపల్లి మలుపు దాకా అలాగే నిద్రపోయింది. అద్దానికి తల ఆనించి. ఈ వణుకుంటే ఆ తల అద్దం మీద నిలుస్తుందా?

కన్నబాబు నా వైపు చూడటం లేదు, బోల్టులు వదులు చేస్తున్నాడు. మీ సుట్టాలాయన మెకానిక్కే సేసుంటాడు ఈ ఎదవ పని, అమ్మేముందు క్రాసులు మార్సినప్పుడు, అన్నాడు. అతనికి తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ ఆదివారం పెరట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు. నేను కోరుకున్న మాటే, మూడో మనిషి నోటితో, నేను అడక్కుండానే వచ్చింది. తల ఊపాను. అయ్యుంటాడు అన్నాను. అన్నది నేనేనా అన్నట్టు ఆ మాట గోతిలో కాసేపు ఉండిపోయింది.

ఇరవై నిమిషాలు పట్టింది. బాణానికి బాణం కలిపాడు, చాక్‌పీసుతో గీత గీశాడు, బిగించాడు. మళ్లీ లంకెలపాలెం దాకా వెళ్లొచ్చాం. యాభై. యాభై ఎనిమిది. అరవై. ఏమీ లేదు. పీట వేసుకుని కూర్చున్నట్టుంది. కన్నబాబు నవ్వుతూ ఏదో అంటున్నాడు. నాకు ఆ నిశ్శబ్దం భరించలేకుండా ఉంది. వణుకున్నన్ని రోజులూ నా పక్కన ఎవరో ఉన్నట్టుండేది, తప్పు చేసిన మనిషి ఒకడు, వాణ్ణి తిట్టుకుంటూ నడిపేవాణ్ణి. ఇప్పుడు బండిలో నేనొక్కణ్ణే ఉన్నాను. కన్నబాబుని షెడ్డు దగ్గర దించి, అతని పని డబ్బులిచ్చి, మా వీధి మలుపు దాకా వచ్చి, మలుపు తిరగకుండా నేరుగా సబ్బవరం వైపు పోనిచ్చాను. వెళ్లి ఏం చెప్పాలో తెలియదు. బండి బాగైంది అంటే చాలు కదా అని ఒక మనసు. కన్నబాబు అన్న మాట చెప్పి, మీ మెకానిక్కుదే తప్పు, నీది కాదు బావా అని ఉదారంగా అనేస్తే అందరికీ గౌరవంగా ఉంటుంది కదా అని ఇంకో మనసు. దారి పొడవునా అది చాలా మంచి ఆలోచనలాగే కనిపించింది.

బావ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన వాకరు. మోకాలి దగ్గర పంచె పైకి మడిచి, పొడవాటి కుట్ల గీత మీద ఎండ పడేలా పెట్టుకున్నాడు. చిక్కిపోయాడు. ఆపరేషన్ నిజమే. ఇంతవరకూ నేను దాన్ని నిజంగా నమ్మలేదని ఆ గీత చూశాకే తెలిసింది. ఆయన భార్య చిలకమ్మ గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, పలకరించకుండా లోపలికి వెళ్లిపోయింది. బావ మాత్రం గేటు బయట బండిని చూస్తూ, కూర్చోమని అరుగు చూపించాడు.

"నువ్వొస్తావనే అనుకుంతన్నాను బావ. మంచం మీద పడుకుని అదే ఆలోసిత్తన్నాను. నువ్వు మిల్లులో సేసినోడివి, ఉందంటే ఉంటాది. పోయినేడు పాడేరు ఘాట్లో ఒకపాలి రాయి మీద కూకుండిపోయింది బండి. కింద పెద్ద సప్పుడైంది. అప్పుడే తగిలుంటాది దెబ్బ. నీకు సెప్పాలని నాకు తోస్లేదు. నాదే తప్పు."

మెత్తగా చెప్పాడు, చాలాసార్లు తనలో తను చెప్పుకుని అలవాటైన మాటల్లా. అంటే నా అనుమానం ఇక్కడిదాకా వచ్చి, ఈ మనిషి మంచం పక్కన కూర్చుని, లేని తప్పు ఒకటి వెతికిచ్చింది. ఊఁ అంటే చాలు. ఆ రాయి మీద ఇద్దరం ఎక్కి నిలబడొచ్చు. రమణ కూడా క్షమించేస్తుంది, రాయిని ఎవరైనా క్షమిస్తారు.

"రాయి కాదు బావ," అన్నాను. "నువ్విచ్చినప్పుడు బండి బాగానే ఉంది. నానే షాఫ్టు ఇప్పేను. నానే తప్పుగా ఎక్కించేను."

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను, పెరడు, డీజిలు, బాణాలు. కిటికీలోంచి వినిపించిన నవ్వు గురించి కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు నా మాట నాకే వినపడనంత చిన్నదైపోయింది. ఆ రోజు దేనికి నవ్వారని అడిగే అర్హత లేదు, అడగలేదు. బావ పంచె మడత విప్పి మోకాలు కప్పుకున్నాడు. 

"ఆస్పత్రిలో నా కూడా ఉండే మనిషి పేరు రాయమన్నారు. రమణ పేరు రాయించేను. వస్తాది అనుకున్నాను. లోపలికి తీసుకెల్లే ముందర నర్సమ్మ బయటికొచ్చి రెండుసార్లు పిలిసింది, వెంకటరమణమ్మ ఎవరండీ అని." గేటు వైపు చూశాడు. "ఎల్లి దాన్ని తీసుకురా. దింపేసి నువ్వు గేటు కాడే ఉండు. ఇయ్యాల నాను నీతో మాటాడ్లేను."

లేచాను.  ఆయన వాకరు దగ్గరకి లాక్కుంటున్నాడు, సాయం పట్టబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి పది దాటింది. హారన్ కొట్టకముందే రమణ గేటు దగ్గరకొచ్చింది, కొంగుకి తడిచేతులు తుడుచుకుంటూ. మీ అన్నియ్య నిన్ను రమ్మన్నాడు అన్నాను. ఆమె మొహంలో వెలుగొచ్చి, వచ్చినంత వేగంగానే భయం కమ్మింది. బండిలో ఏటి తేలింది అని అడిగింది. ముందు ఎక్కు, దారిలో చెప్తాననబోయాను. సబ్బవరానికి అరగంట దారి, రోడ్డు మీద కళ్లు పెట్టుకుని చెబితే సులువు, ఆమె మొహం చూడక్కర్లేదు. ఇంజిన్ ఆపేశాను. దిగి, గేటు దగ్గర ఆమె ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. నర్సు పిలిచిన మాట చెప్పకుండా దాచుదామనుకున్నాను. అదీ చెప్పాను.

రమణ లోపలికెళ్లి చీర మార్చుకుని, స్టౌ ఆపి, తాళం వేసి వచ్చింది. నేను ఎడమ వైపు ముందు తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె నన్ను దాటుకుని వెళ్లి, వెనక తలుపు తానే తీసుకుని, వెనక సీట్లో కూర్చుంది.